రెండు గంటల కాగితం, ఆరు గంటల కాగితం

రాయ్‌పూర్, గుఢియారీ
ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన అక్కయ్యకు,

నీ తమ్ముడు ప్రభాకర్ వందనాలు. నేను ఇక్కడ ఆరోగ్యంగానే ఉన్నాను. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? బావగారి కంటి కట్టు విప్పేశారని ఫోన్లో అన్నావు. చదవడానికి ఇంకా ఇబ్బంది పడుతున్నారా? ఈ ఉత్తరం నువ్వే చదివి వినిపించు. ఆయన చేత చదివించకు.

ఫోన్ చేసినప్పుడల్లా “బాగానే ఉన్నా” అని పెట్టేస్తున్నానని కోప్పడ్డావు. “నోటితో చెప్పలేకపోతే చేత్తో రాయి. కరుణ ఆఖరి రోజు ఎలా గడిచిందో నాకు తెలియాలి” అన్నావు. బావగారి ఆపరేషను వల్ల నువ్వు రాలేకపోయావు. అందుకు నిన్ను నువ్వు తిట్టుకోకు. అడిగావు కనుక రాస్తున్నాను.

అది గురువారం. పొద్దున ఆరింటికి కరుణ టీ అడిగింది. ఇవ్వకూడదన్నారు. దూది తడిపి పెదాలకు అద్దాను. “ఇది టీయేనా?” అంది. నీళ్ళు అన్నాను. “పోనీ పంచదారైనా వేయాల్సింది” అంది. ఏడున్నరకు డాక్టరు వచ్చి చూసి వెళ్ళాడు. ఇక డయాలిసిస్ పెట్టబోమని ముందు రోజే నాతో చెప్పారు. ఆమెకు విడిగా ఎవరూ చెప్పలేదు. పంతొమ్మిదేళ్ళు నర్సుగా చేసిన మనిషికి ఏం చెబుతారు?

పదింటికి డ్యూటీ నర్సు వచ్చింది. చిన్న పిల్ల, ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. మంచం కాళ్ళ దగ్గర వేలాడే చార్టు తీసి నాలుగు అంకెలు రాసి పక్క మంచానికి వెళ్ళిపోయింది. కరుణ చెయ్యి దుప్పటి కిందే ఉంది.

“ఏవండీ, ఆ చార్టు ఇలా ఇవ్వండి.”

ఇచ్చాను. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివింది.

“ఎనిమిదింటికి నాడి ఎనభై నాలుగు. పదింటికీ ఎనభై నాలుగే. బీపీ అదే, ఊపిరి అదే. కాపీ కొట్టింది పిల్ల.”

నేను లేచాను.

“కూర్చోండి. మీరు గొడవ చేస్తే దానికి మెమో ఇస్తారు. ఇంత వార్డుకి ఇద్దరే ఉన్నారు, కనబడటం లేదూ? నేనూ రాశాను ఇలా. రెండుసార్లు.”

“ఎవరికి?”

“పేషెంట్లకే, ఇంకెవరికి! రాసిన రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు. కూరలో ఉప్పెక్కువైందేమో అనుకున్నారు మీరు.”

తరువాత ఆమే ఆ అమ్మాయిని పిలిచింది. “బేటీ, ఇధర్ ఆ. ఏక్ బార్ నబ్జ్ పకడ్ కే దేఖ్.” ఒక్కసారి నాడి పట్టుకుని చూడమ్మా అని. ఆ పిల్ల మొహం ఎర్రబడింది. వచ్చి చెయ్యి పట్టుకుని, నిమిషం పాటు వాచీ చూస్తూ నిలబడింది. నూట పద్దెనిమిది. పాత అంకె కొట్టేసి అది రాసింది. “షాబాష్” అంది కరుణ.

ఒంటిగంటకు పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. ఆమె ఆమెన్ అంది, వినబడింది. రెండున్నరకు నిద్రలోకి వెళ్ళింది. మూడు నలభైకి ఊపిరి ఆగింది. ఎడమ చెయ్యి నా చేతిలోనే ఉంది. ఆ చిన్న నర్సే వచ్చి కరుణ రెప్పలు మూసింది. మర్నాడు పదకొండింటికి సమాధి చేశాం. మన తెలుగు చర్చి వాళ్ళు, ఎక్కువ మంది రైల్వే వాళ్ళే, అన్నీ దగ్గరుండి చూశారు. అంతే అక్కా ఆ రోజు. నేను దాచింది ఏమీ లేదు.

ఇప్పుడు నా సంగతి. నాలుగు నెలలు అయింది. పదకొండో రోజు నుంచే ఆఫీసుకు వెళ్తున్నాను. వంట చేసుకుంటున్నాను. పప్పు కుదురుతోంది, చారు కుదరడం లేదు. పొద్దున సందు చివర అటుకుల పోహా తింటాను. ఇక్కడ పోహాతో జిలేబీ తింటారని నీకు తెలుసుగా. తొమ్మిదేళ్ళయినా ఆ రెండూ ఒకే ఆకులో ఎలా పెడతారో నాకు అర్థం కాలేదు, కానీ తింటున్నాను. ఎండలు మండుతున్నాయి. ధర్సీవా వైపు నుంచి గాలి వీస్తే ఫ్యాక్టరీల పొడి ఆరేసిన బట్టల మీద నల్లగా పడుతుంది. కింది వాటాలో ఉండే ఫూల్‌బాయి దీదీ రోజూ ఒకటే అడుగుతుంది: “భాత్ ఖా డారేవ్ కా భైయా?” అన్నం తిన్నావా అని. తిన్నానన్నా నమ్మదు. మొన్న గిన్నెతో బాసీ తెచ్చి మెట్ల మీద పెట్టింది. “ఖా లే భైయా, ఘామ్ అబ్బడ్ హే” అంది, ఎండ బాగా ఉందని. మన చద్దన్నమే, కానీ నీళ్ళు పారబోయరు. నీళ్ళతో సహా ఉల్లిపాయ, పచ్చిమిరప, ఏదో ఆకుకూర నంజుకుని తాగుతారు. కడుపు చల్లబడింది. కరుణ ఉన్నప్పుడు ఈ గిన్నె ఎన్నిసార్లు వచ్చిందో, ఆమె దాన్ని ఎన్నిసార్లు నాకు చెప్పకుండా తాగేసిందో ఇప్పుడు దీదీ చెబుతుంటే తెలుస్తోంది. నాకు నచ్చదనుకుందట.

ఇంకో సంగతి అడిగావు. “అమెరికా ఆసుపత్రి కాగితాలు రాయ్‌పూర్‌లో కూర్చుని నువ్వెందుకు చదువుతావురా? మీ బావ ‘దొరల కాగితాలు దులిపే ఉద్యోగం’ అని నవ్వుతున్నారు” అన్నావు. బావగారు అన్నదాంట్లో అబద్ధం లేదు. దులపడమే. నేను కరుణ ఉద్యోగం వెంట ఈ ఊరు వచ్చినవాణ్ణి. ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పుకునే నాకు ఇక్కడ ఇలాంటి పని ఒకటుందని వచ్చేవరకూ తెలియదు. ఈసారి విడమరిచి రాస్తాను. దాంట్లోనే నేను నీకు చెప్పాల్సిన కష్టం కూడా ఉంది.

అక్కడ ఎవరికైనా ఆసుపత్రిలో అన్యాయం జరిగిందని అనిపిస్తే లాయరు దగ్గరకు వెళ్తారు. లాయరు ఆసుపత్రి నుంచి కాగితాలన్నీ తెప్పిస్తాడు. వెయ్యి పేజీలు, రెండు వేల పేజీలు. ముందూ వెనకా లేకుండా, ఒకే పేజీ మూడుసార్లు, తలకిందులుగా, ఎలా పడితే అలా వస్తాయి. అవి చదివేంత తీరిక అక్కడ ఎవరికీ లేదు. చదవగలిగినవాళ్ళకు ఇచ్చుకునే జీతం అక్కడ చాలా ఎక్కువట. అందుకని కంప్యూటర్లో మాకు పంపుతారు. మా ఆఫీసులో ముప్పై రెండు మందిమి. ఇద్దరు హోమియో డాక్టర్లు, ఫార్మసీ చదివినవాళ్ళు, పని మానేసిన నర్సులు, ఒక లా చదివిన అబ్బాయి, నేను. ఆ పేజీలను తేదీ, గంట ప్రకారం పేర్చుతాం. రెండుసార్లు వచ్చిన పేజీలు తీసి పక్కన పెడతాం. ఆ మీద ఆ మనిషికి ఎప్పుడు ఏం జరిగిందో వరసగా, ఒక్కో సంగతికి ఒక్కో వాక్యం చొప్పున రాస్తాం. ప్రతి వాక్యం పక్కనా పేజీ నంబరు ఉండాలి, ఆ పేజీ మాకు ఎప్పుడు అందిందో ఉండాలి. కాగితంలో లేని మాట రాయకూడదు. మంచి, చెడ్డ, పాపం, అయ్యో, ఇవేవీ రాయకూడదు. నేను అందరినీ “పేజీ నంబరేది?” అని అడుగుతుంటానని మేఘా అనే అమ్మాయి నాకు ‘పేజ్ నంబర్ సర్’ అని పేరు పెట్టింది. అభన్‌పూర్ నుంచి రోజూ బస్సులో వస్తుంది, హోమియో డాక్టరు. “సర్ తన పెళ్ళి సంగతి చెప్పినా పేజీ నంబరుతో చెబుతారు” అని ఆఫీసంతా నవ్విస్తుంది.

తొమ్మిదేళ్ళ నుంచి చేస్తున్నా నాకు ఈ పని వింతగానే ఉంటుంది. అక్కడి నర్సులు ఏమేమి రాస్తారో చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. రోగి పెరుగు సగం తిన్నాడు. రోగి కిటికీ తెరవమన్నాడు. రోగి కుక్కను తలుచుకుని నవ్వాడు. నొప్పి ఎంత ఉందో సున్నా నుంచి పది లోపల అంకె చెప్పమని అడుగుతారట. ఒకాయన పదకొండు అన్నాడు. నర్సు పదకొండే రాసింది. నొప్పికి అంకె ఎలా చెబుతారు అని కరుణను అడిగాను ఒకసారి. “మన వాళ్ళు చెప్పరు. ‘ఓర్చుకుంటాలే సిస్టర్’ అంటే తొమ్మిది అని నేను వేసుకుంటాను” అంది. చేతిరాత అర్థం కాకపోతే ఇంటికొచ్చి ఆ వంకరను రొట్టెల పిండిలో వేలితో గీసేవాణ్ణి. చపాతీ కర్ర పట్టుకునే చూసి చెప్పేది. “దాన్నే గంట సేపు చూశారా? నోటి ద్వారా ఏమీ ఇవ్వలేదు అని రాసింది. పాపం ఆ మనిషి ఆకలితో ఉన్నాడు.” రోగి పేరు ఎప్పుడూ ఇంటికి తేలేదు. తేకూడదు. ఇప్పుడు నీకూ రాయను.

ఇక అసలు సంగతి.

ఆర్నెల్ల కింద ఒక పెద్దావిడ ఫైలు నా దగ్గరకు వచ్చింది. తుంటి ఎముక ఆపరేషను అయిన మూడో రోజు పోయింది. ఆవిడ భర్త తరఫు లాయరు పంపాడు. ఆసుపత్రి చిన్నది, అక్కడ ఇంకా చేత్తోనే రాస్తారు. నాలుగు గంటలకు ఒకసారి నర్సు వచ్చి ఒక కాగితం నింపాలి. నాడి, బీపీ, ఊపిరి, జ్వరం, నొప్పి అంకె, కింద ఒక వాక్యం. నేను పేర్చి ఇచ్చిన వరస ఇలా ఉంది: పొద్దున పదింటికి బాగుంది. సాయంత్రం ఆరింటికి అన్ని అంకెలూ బాగున్నాయి. ఏడింటికి నర్సు వెళ్ళేసరికి స్పృహ లేదు. మధ్యలో మధ్యాహ్నం రెండు గంటల కాగితం లేదు. లేదని రాశాను. అది చదివితే ఎవరికైనా ఏమనిపిస్తుంది? ఆరింటికి బాగున్న మనిషి గంటలో హఠాత్తుగా పోయింది, ఎవరు మాత్రం ఏం చేయగలరు అనిపిస్తుంది.

మొన్న బుధవారం అదే ఫైలు మళ్ళీ వచ్చింది. కొన్ని కొత్త కాగితాలు చేరాయి. లాయరు ఆఫీసు వాళ్ళు ఇలా రాశారు: ఈ కేసులో పస లేదనుకుంటున్నాం, ఆ పెద్దాయనకు అదే చెప్పబోతున్నాం, కొత్తవి కూడా కలిపి చివరి వరస సోమవారానికి పంపండి, ఫైలు మూసేస్తాం.

కొత్త కాగితాలలో ఆ పెద్దాయన సొంతంగా రాసుకున్న రెండు పేజీలు ఉన్నాయి. వంకర అక్షరాలు, కానీ ప్రతి మాటా తెలుస్తోంది. భార్య మంచం పక్కన పొద్దుటి నుంచీ కూర్చున్నాడట. మూడింటికి నర్సుతో చెప్పాడు, ఆమె ఊపిరి తేడాగా ఉందని. నాలుగున్నరకు చెప్పాడు. అయిదున్నరకు చెప్పాడు. మూడుసార్లూ “అంకెలు బాగానే ఉన్నాయి” అన్నారట. చివర ఒక మాట రాశాడు. నలభై మూడేళ్ళు ఈ మనిషి పక్కన పడుకున్నాను, ఆమె ఊపిరి ఎలా ఉంటుందో నాకు తెలియదా అని.

అది మూడుసార్లు చదివాను అక్కా. అంకెలు బాగున్నాయన్నారు సరే, ఏ అంకెలు? మధ్యాహ్నం రెండింటి కాగితమే మన దగ్గర లేదు కదా? చూడాలనిపించింది. నిజం చెప్పాలంటే మొదట అది జాలి కాదు, ఊరికే చూడాలనే కుతూహలం. రెండుసార్లు వచ్చాయని నేను తీసి పక్కన పెట్టిన పేజీల కట్ట తెరిచాను. గురువారం పొద్దున పన్నెండు లోపు దొరికింది.

తీసేసింది నేనే. రెండు కాగితాలు. రెంటిలోనూ నాడి అదే, బీపీ అదే, ఊపిరి అదే, జ్వరం దశాంశంతో సహా అదే, నొప్పి అంకె అదే. కింద వాక్యం కూడా అదే: రోగి హాయిగా విశ్రాంతి తీసుకుంటోంది. ఒకే పేజీ రెండుసార్లు వచ్చిందనుకుని ఒకటి తీసేశాను. గంట పైన మూలలో రాస్తారు, స్కానులో ఆ మూల ఒకదానికి తెగిపోయింది. కింద సంతకం పక్కన మళ్ళీ రాస్తారు. కింది దాకా చూడాలని రూలు. నేనే కొత్తవాళ్ళకు చెప్పే రూలు. ఆ రోజు కింది దాకా చూడలేదు. అది కరుణ డయాలిసిస్ రోజు. అయినా అది సాకు కాదు, మధ్యాహ్నం నుంచి నేను ఆఫీసులోనే ఉన్నాను.

నేను తీసేసినదాని కింద రెండు గంటలు అని ఉంది. ఉంచినదాని కింద ఆరు.

నాలుగు గంటల తేడాతో మనిషి ఒంట్లో ఒక్క అంకె కూడా కదలలేదని రెండో కాగితం చెబుతోంది. లేకపోతే ఎవరో మొదటిది చూసి రెండోది నింపారు. ఏది నిజమో నేను చెప్పలేను. చెప్పడం నా పని కాదు. కానీ రెండూ పక్కపక్కన ఉంటే చదివేవాళ్ళు అడుగుతారు. ఒకటి నేను తీసేశాను కాబట్టి ఎవరూ అడగలేదు. ఆ పెద్దాయన మూడుసార్లు చెప్పిన మాటకు సాక్ష్యం ఏదైనా ఉంటే అది నా కట్టలో ఉండిపోయింది.

ఆ నర్సు మీద నాకు కోపం రావడం లేదు. ఆవిడ కూడా ఆ రోజు ఇంటికి వెళ్ళి అన్నం మానేసిందేమో అనిపిస్తోంది. వాళ్ళ వార్డులో ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు. ఆ సంగతి ఏ పేజీలోనూ లేదు.

నన్ను నేను నమ్మలేదు కూడా. నేను చూసింది ఏ చార్టు? ఆ గురువారం కరుణ మంచం కాళ్ళ దగ్గర వేలాడినదా, ఈ కంప్యూటర్లోదా? అందుకని శుక్రవారం మేఘాను పిలిచాను. ఏమీ చెప్పకుండా రెండూ ముందు పెట్టి, ఒకటేనా చూడమన్నాను.

“ఇదేం పరీక్ష సర్? ఒకటే కదా.”

“కింది దాకా చూడు.”

తెర మీద స్కేలు ఆనించి ఒక్కో వరసా చూసింది. కాసేపటికి నవ్వు ఆగిపోయింది.

“సర్, యే కాపీ నహీ హై. ఒకదాంట్లో ఏడు మీద అడ్డగీత ఉంది, ఇంకోదాంట్లో లేదు. ఇక్కడ నాలుగు గడి దాటి బయటికి వచ్చింది. రెండుసార్లు రాశారు. టైమ్ భీ అలగ్ హై, గంటలు కూడా వేరు.” తరువాత మెల్లగా అడిగింది. “ఇది తీసేసింది ఎవరు సర్?”

“నేనే.”

ఆ అమ్మాయి తన డబ్బాలోంచి ఒక ఠేఠరీ తీసి నా చేతిలో పెట్టి తన కుర్చీలోకి వెళ్ళిపోయింది. ఠేఠరీ అంటే మన జంతికల్లాంటిదే.

నిన్న శనివారం తివారీ గారి గదిలోకి వెళ్ళాను. మా మేనేజరు. నాకంటే పదేళ్ళు చిన్నవాడు. మంచివాడు. కరుణ సమాధి రోజు ఎండలో చివరి దాకా నిలబడ్డాడు.

“బైఠియే ప్రభాకర్ జీ. చాయ్?”

“తర్వాత సర్.”

“మీరు చాయ్ వద్దన్నారంటే పెద్ద విషయమే.”

కాగితాలు రెండూ చూపించాను. చాలాసేపు చూశాడు. “అరే యార్” అన్నాడు. లేచి తలుపు వేశాడు. అతను హిందీలో అన్నది నీకు తెలుగులో రాస్తున్నాను.

“ఇప్పుడు కొత్త కాగితాలు వచ్చాయి కదా. వాటితో పాటు దీన్నీ కలిపేయండి. చుప్‌చాప్, చప్పుడు చేయకుండా. పేజీ వాళ్ళకు చేరుతుంది, మన పేరూ పోదు. ఎవరికి నష్టం?”

గురువారం సాయంత్రం నాకూ అదే తోచింది అక్కా, నీ దగ్గర దాచను. కానీ ఆలోచిస్తే కుదరదు. ప్రతి పేజీ ఎప్పుడు అందిందో మేము రాస్తామన్నాను కదా. దీన్ని కొత్తవాటిలో కలిపితే, ఆసుపత్రి దీన్ని ఇన్నాళ్ళూ దాచి ఇప్పుడు ఇచ్చినట్టు అవుతుంది. రేపు కోర్టులో ఆసుపత్రి వాళ్ళు మేము మొదటే ఇచ్చామని రుజువు చూపిస్తారు. అప్పుడు ఆ పెద్దాయన మాట ఎవరు నమ్ముతారు? నా తప్పు ఆసుపత్రి నెత్తిన పడుతుంది, నా అబద్ధం ఆయన నెత్తిన పడుతుంది. ఇదంతా తివారీ గారికి చెప్పాను.

“మీరు ఇంకా ఆ వార్డులోనే ఉన్నారు ప్రభాకర్ జీ” అన్నాడు మెత్తగా. “భాభీజీ దగ్గరే ఉన్నారు. అందుకే ఇలా కనబడుతోంది.”

“మేఘా వార్డులో లేదు సర్. ఆమెకూ అలాగే కనబడింది.”

తల పట్టుకున్నాడు. “మొదటి నుంచీ మన దగ్గరున్న పేజీని మనమే తీసేశామని రాసిస్తే, మిమ్మల్ని తప్పించమని వాళ్ళు అడుగుతారు. నేను కాదనలేను. ఇంకా ముప్పై ఒక్క మంది ఉన్నారు నాకు.”

“తెలుసు సర్.”

“తొమ్మిదేళ్ళలో మీది ఒక్క తప్పు లేదు. ఒక్కటి! దాన్ని మీరే దండోరా వేసి చెబుతారా?”

“ఇదొక్కటేనని ఎలా చెప్పను సర్? తీసేసిన కట్టలు మళ్ళీ ఎవరూ విప్పరు.”

దానికి అతను నవ్వాడు. నవ్వు రావాల్సిన చోటు కాదు, అయినా నవ్వాడు. “పేజ్ నంబర్ సర్” అన్నాడు. ఆ పేరు అతని దాకా వెళ్ళిందని నాకు తెలియదు. చివరికి ఇలా అన్నాడు. “పంపాలనుకుంటే మీ పేరుతో పంపండి. నేను ఆపను. నా సంతకం అడగకండి. ఒక్క ఆదివారం ఆలోచించుకోండి.”

ఆ ఆదివారం ఇదే. పొద్దున చర్చికి వెళ్ళాను. వాక్యం ఏం చెప్పారో సగమే విన్నాను. ఆ పెద్దాయన గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను. ఆయన ఏ ఊళ్ళో ఉంటాడో నాకు తెలియదు. పొద్దున ఏం తింటాడో, ఎవరు వండి పెడతారో తెలియదు. రాయ్‌పూర్ అనే ఊరు ఒకటుందని ఆయనకు తెలియదు. ఆయన భార్య ఆఖరి మధ్యాహ్నం ఇక్కడ ఒకడి చేతిలో సగం చిరిగిందని అసలే తెలియదు. “పెద్దాయనా, నువ్వు పొరబడ్డావు, ఆరింటికి అంతా బాగానే ఉంది” అని ఈ వారం ఎవరో ఆయనకు చెబుతారు. ఆయన ఇక బతికినన్నాళ్ళూ తన కళ్ళనే అనుమానిస్తూ కూర్చుంటాడు. నేను కరుణ చెయ్యి పట్టుకుని ఉన్నాను, ఆమెకు ఏమవుతోందో చూశాను. నువ్వు చూసింది నిజం కాదని ఎవరైనా నాతో అంటే ఎలా ఉంటుందో ఊహించుకున్నాను. అంతకు మించి ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు.

కేసు ఏమవుతుందో నాకు ఎప్పటికీ తెలియదు. అది కూడా ఈ ఉద్యోగంలో ఒక వింత. ఫైలు వెళ్ళిపోతుంది, తీర్పు ఏమిటో మాకు ఎవరూ రాయరు. తొమ్మిదేళ్ళలో ఒక్కరి సంగతీ చివరి దాకా తెలియలేదు. మామూలుగా దానికి అలవాటు పడ్డాను. ఈ ఒక్కదాని గురించి మాత్రం తెలుసుకోవాలని ఉంది.

“అక్కడ ఇంకెవరున్నారని ఉంటావు, వచ్చేయ్” అన్నావు. ఉద్యోగం పోతే ఆ మాట ఆలోచిస్తాను. పోకపోతే ఉంటాను. ఈ ఊరు నాకు అలవాటైంది. ఇక్కడ కరుణ సమాధి ఉంది, ఆమె పనిచేసిన వార్డు మంచాల వరస ఉంది, బజారులో ఆమెను సిస్టర్ అని పిలిచిన మనుషులు ఉన్నారు. నా గురించి దిగులు పడకు. వేళకు తింటున్నాను, నిద్ర పడుతోంది. ఇది నీకు ధైర్యం చెప్పడానికి రాస్తున్నది కాదు, నిజంగానే.

రెండు చిన్న పనులు చెబుతాను. సమాధి రాయి చెక్కించాలి. కరుణ సర్టిఫికెట్లో పుట్టిన తేదీ స్కూల్లో వేసింది, అసలుది కాదు. మా అత్తగారి ఇంటికి వెళ్ళి ఆవిడను అడిగి అసలు తేదీ తెలుసుకో. ఆవిడకు బాప్తిస్మం పుస్తకంలో రాసిన గుర్తు ఉండాలి. చూసి రాయి, అంచనాగా చెబితే వద్దు. రాయి చెక్కే ఆయనకు తెలుగు రాదు. అక్షరాలు పెద్దవిగా గీసి ఇస్తే బొమ్మలాగా చెక్కుతానన్నాడు. ఒక నమూనా చెక్కి చూపించాడు, ‘క’కు తలకట్టు ఎంత అందంగా వచ్చిందో. ఇది అక్షరం కాదు, పక్షి కదా అన్నాడు. రెండోది, ఎవరైనా ఇటు వస్తుంటే కాసిని ఎండు రొయ్యలు పంపు. ఫూల్‌బాయి దీదీ వాసనకు తిడుతుంది. తిట్టనీ, ఆ తరువాత తనే గిన్నె తెచ్చుకుంటుంది.

బావగారికి నా నమస్కారాలు చెప్పు. మందు చుక్కలు మానవద్దని చెప్పు. అత్తగారికి వందనాలు, ఆవిడకు నేనే వేరుగా ఉత్తరం రాస్తాను. ఈ ఉత్తరంలో ఆఖరి రోజు రాసిన భాగం ఆవిడ అడిగితేనే చదువు. పెద్దదానివి, అమ్మ తరువాత అమ్మవు. నన్ను దీవించు. సాయంత్రం ప్రార్థనలో కరుణ పేరు తరువాత ఆ పెద్దాయనను కూడా తలుచుకో. పేరు లేకపోయినా ఫరవాలేదు, దేవుడికి తెలుస్తుంది.

ఇక్కడ సోమవారం పొద్దున ఎనిమిది అయితే అక్కడ ఇంకా ఆదివారం రాత్రే. వాళ్ళు ఆఫీసు తలుపు తెరిచేసరికి నా కాగితం వాళ్ళ ముందుంటుంది. రేపు పొద్దున ఏడున్నరకు ఇంట్లోంచి బయలుదేరతాను. రెండు గంటల కాగితం, ఆరు గంటల కాగితం ఒకే పేజీలో పక్కపక్కన పెడతాను. కింద నాలుగు వాక్యాలు రాస్తాను: రెండు గంటల కాగితం మొదటి నుంచీ మా దగ్గరే ఉంది. రెండూ ఒకటే అనుకుని తీసేసింది నేను. గంటలు వేరు. మీరే చూడండి. ఇంటిపేరుతో సహా నా పేరు పెట్టి పంపుతాను.

నీ తమ్ముడు
ప్రభాకర్